అక్రోతిరిలో అమ్మ పక్కన కూర్చున్న పెద్దావిడకు

గ్రీసులోని శాంతోరిని ద్వీపానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది తెల్లటి ఇళ్ళ ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. మేమూ దిగాం, తప్పేముంది! కానీ ఆ ద్వీపం మాకు నిజంగా తెలిసింది మీ వల్లే.

అక్కడి అక్రోతిరి అనే పురాతన ఊరి తవ్వకాల దగ్గర మోకాళ్ళ నొప్పితో అమ్మ ఇక నడవలేనంటే నాకు టెన్షన్ మొదలైంది. మీరు అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో కబుర్లు మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలి ఈ ఊరు బూడిద కింద పూడిపోయిందని, 1967లో పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మరినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టారని చెప్పారు. వీధి కింద మురుగు కాలువ, రెండు మూడంతస్తుల ఇళ్ళు, ధాన్యం, నూనె దాచిన పెద్ద పెద్ద జాడీలు వేలితో చూపించారు. "అయ్యో, మరి ఆ మనుషులు?" అని అమ్మ అడిగింది. ఊళ్ళో ఇప్పటిదాకా అస్థిపంజరాలు దొరకలేదని, ముందే వచ్చిన భూకంపాలకు జాగ్రత్తపడి వెళ్ళిపోయి ఉంటారని మీరు చెప్పాకే అమ్మ మనసు కుదుటపడింది. వేల ఏళ్ళ నాటి వాళ్ళ గురించి అంత బెంగ!

తర్వాత బస్సు డ్రైవరుతో మాట్లాడి అమ్మకు ముందు సీటు ఇప్పించారు. ఫిరా పట్టణంలోని మ్యూజియంలో నీలి కోతుల కుడ్యచిత్రం తప్పక చూడమన్నారు. చూశాం. అమ్మకు సముద్రం కంటే అవే నచ్చాయి.

మీ పేరు తెలియదు, మీకు తెలుగు రాదు. అయినా అమ్మ తరఫునా, నా తరఫునా మీకు నమస్కారాలు.