డ్రాగ్ కిలోలు చూసి రీలు కొనకండి

సంపాదకులకు,

మన తీరంలో గాలం వేట సరదా పెరుగుతోంది. దానితోపాటే గాలం కర్రకు బిగించి దారం చుట్టుకునే స్పిన్నింగ్ రీళ్ల ప్రకటనలూ పెరిగాయి. అట్టపెట్టె మీద ‘13+1 బేరింగులు, 25 కిలోల డ్రాగ్’ అని పెద్ద అక్షరాలతో కొట్టి, రెండు వేలకే ఇస్తామంటున్నారు. పండుగప్పకో, వంజరానికో, పెద్ద పార చేపలకో రీలు కొనేవాళ్లకు ఈ రెండు అంకెలతో పెద్దగా పని లేదు.

ముందు డ్రాగ్ సంగతి, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే బ్రేకు సంగతి చూద్దాం. 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక) దారం 22.7 కిలోల దగ్గర తెగుతుంది. డ్రాగ్‌ను అందులో నాలుగో వంతుకు, అంటే దాదాపు 5.7 కిలోలకు బిగిస్తాం. నిండుగా ఉన్నప్పుడు స్పూల్ (దారం చుట్టే గిలక) మీద దారం చుట్ట అడ్డకొలత 6 సెంటీమీటర్లనుకుందాం. చేప పరుగు తీసి చుట్ట 4.5కి తగ్గితే, డ్రాగ్ బిగించే నాబ్ ముట్టుకోకపోయినా లాగుడు 7.6 కిలోలకు చేరుతుంది. రాడ్ (గాలం కర్ర) వంపులో దారానికి రింగుల రాపిడి దీనికి అదనం. చేప చివరి పరుగులో దారం తెగడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇక 25 కిలోలంటారా, ఒడ్డున నిలబడి రాడ్డుతో 10 కిలోలు ఎంతసేపు ఆపగలరో కిటికీ ఊచకు దారం కట్టి లాగి చూడండి, తెలిసిపోతుంది.

డ్రాగ్ ఎంత గట్టిది అన్నదానికన్నా ఎంత నునుపుగా వదులుతుంది అన్నదే ముఖ్యం. షాపుకు ఒక స్ప్రింగ్ కాటా పట్టుకెళ్లండి. డ్రాగ్ బిగించి, దారాన్ని కాటా కొక్కేనికి కట్టి మెల్లగా లాగండి. ముల్లు 5 దాకా ఎక్కి, స్పూల్ కదలగానే 3కి పడిపోతే ఆ రీలు వద్దు. పెద్ద చేప మొదటి కుదుపులోనే దారం తెంపుకుపోతుంది. సాధారణంగా డ్రాగ్‌లోని కార్బన్ వాషర్లు వేడికి తట్టుకుని ఒకే తీరుగా జారతాయి. చవక రీళ్లలోని ఫెల్ట్ వాషర్లు నలిగి, తడిసి, పట్టు మారుస్తాయి.

హ్యాండిల్‌ను ఒక్క తోపు తోసి, గిరగిరా తిరిగితే మంచి రీలనుకోవడం ఇంకో పొరపాటు. నీళ్లు చొరకుండా సీళ్లు వేసిన రీలు కాస్త బిగువుగానే తిరుగుతుంది. పెన్ స్లామర్ 4, స్పిన్‌ఫిషర్ 6 ఆ కోవలోవే. అలలు మీద పడే రాళ్ల దగ్గర వేటాడేవాళ్లకు నా ఓటు వాటికే, బరువు ఎక్కువైనా సరే. డైవా బీజీ గట్టి అల్యూమినియం బాడీతో వస్తుంది. కానీ సీళ్లు అంతగా ఉండవు కాబట్టి పడవ మీద వాడకానికి నయం. షిమానో స్టెల్లా, డైవా సాల్టిగా వేరే లోకం, ధర కూడా అలాగే ఉంటుంది. సాల్టిగాలో మాగ్‌సీల్ (అయస్కాంత ద్రవంతో నీళ్లను ఆపే సీలు) ఉన్నచోట మామూలు నూనె వేస్తే లోపలి అయస్కాంత ద్రవం పాడవుతుంది. ఆ మరమ్మతు కంపెనీ సర్వీసువాళ్లు చేయాల్సిందే.

బాడీని గ్రాఫైట్‌తో చేస్తే బరువు తగ్గుతుంది గాని, భారం పడ్డప్పుడు వంగుతుంది. వంగితే పళ్ల చక్రాల మధ్య ఎడం పెరిగి పళ్లు అరుగుతాయి. హ్యాండిల్ నేరుగా మెయిన్ గేర్‌లోకి స్క్రూలా బిగిసేదై ఉండాలి. బేరింగుల్లో అన్నిటికన్నా ముందు ఉప్పుకు బలయ్యేది లైన్ రోలర్‌లోది, అంటే దారం స్పూల్ మీదికి వెళ్లేటప్పుడు దాటే చిన్న చక్రంలోది. అది బిగుసుకుంటే బ్రెయిడ్ దాని మీద గాడి కోసేస్తుంది.

సైజు నంబర్లనూ గుడ్డిగా నమ్మకండి. 2018లో వచ్చిన డైవా ఎల్‌టీ వరసలో పాత 2500 సైజే 3000 అయింది. పండుగప్పకు షిమానో లెక్కలో 4000 లేదా 5000 చాలు. వంజరం వేగంగా పరుగెత్తుతుంది కాబట్టి 6000 సైజు, 300 మీటర్ల దారం, 6.2 గేరు (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే దారాన్ని 6.2 చుట్లు చుట్టేది) మేలు. అదే 6 సెంటీమీటర్ల చుట్టతో 6.2 గేరు ఒక్క తిప్పుకు 117 సెంటీమీటర్లు లాగితే, 4.9 గేరు 92 లాగుతుంది. లోతు నుంచి బరువైన చేపను పైకెత్తడానికి మాత్రం ఈ రెండోదే చేతికి సుఖం.

డ్రాగ్ జారిపోతోందని కొత్త రీళ్లు షాపుకు తిరిగొస్తుంటాయి. చాలావాటిలో తప్పు డ్రాగ్‌ది కాదు. నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా చుట్టడంతో చుట్టంతా జారుతుంది. కింద 10 మీటర్ల నైలాన్ దారం చుట్టి, పైన తడిగుడ్డతో నొక్కిపట్టి బ్రెయిడ్ ఎక్కించాలి. అంచుకు 2 మిల్లీమీటర్లు వదిలి ఆపాలి.

వేట అయ్యాక డ్రాగ్ బిగించి, మంచినీళ్లు పలచగా చిలకరించి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత డ్రాగ్ వదులు చేయాలి. బకెట్లో ముంచకూడదు, పైపుతో కొట్టకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు నిషేధం ఉంటుంది కదా, పడవ మీద వాడే రీళ్లు విప్పి గేర్లకు గ్రీజు పెట్టడానికి అది మంచి అదను. వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్‌లోకి మాత్రం గ్రీజు పోనివ్వకండి, అక్కడ పలచటి నూనె ఒక్క చుక్క చాలు. గ్రీజు పట్టిన రోలర్లు ఇరుక్కుంటే, పెద్ద చేప లాగినప్పుడు హ్యాండిల్ వెనక్కి తిరిగి వేళ్ల మీద కొడుతుంది.

— ఒక పాఠకుడు, కాకినాడ