ప్రసూతి సెలవు ఖర్చు ఒక్క యజమాని పద్దులోనే ఎందుకు?

సంపాదకుల వారికి,

ప్రసూతి సెలవుల మీద జరిగే చర్చ ఎప్పుడు చూసినా 26 వారాలు చాలా, చాలవా అన్న దగ్గరే తిరుగుతోంది. ఆ 26 వారాల జీతం ఎవరు కడుతున్నారు, ఆ కట్టే పద్ధతి వల్ల ఉద్యోగం వెతుక్కునే ఆడపిల్లకు ఏం నష్టం జరుగుతోంది అన్న సంగతి ఎవరూ పెద్దగా ఎత్తడం లేదు. బాలానగర్, జీడిమెట్లలోని చిన్న పరిశ్రమలకు జీతాల పట్టికలు, పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చలాన్లు చూసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నవాణ్ని కాబట్టి, నా కళ్లబడిన లెక్కను మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. అది మంచి పనే, తగ్గించమని నేను అనను. అయితే పెరిగిన ఖర్చులో ప్రభుత్వం పైసా కూడా పంచుకోలేదు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ సైతం ఈ భారాన్ని యజమాని నెత్తినే ఉంచింది.

దీనికి మినహాయింపు ఈఎస్‌ఐ. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్‌ఐలో చేరిన మహిళకు సెలవు కాలపు వేతనాన్ని ఈఎస్‌ఐ కార్పొరేషనే చెల్లిస్తుంది. ఆడ, మగ తేడా లేకుండా ఆ పరిధిలోని ఉద్యోగులందరి జీతం మీదా 3.25 శాతం చందా కడితే యజమాని బాధ్యత తీరిపోతుంది. 20,000 రూపాయల జీతానికి అది నెలకు 650 రూపాయలు. అదే ఉద్యోగినికి జీతం పెంచి 22,000 చేస్తే, నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగియగానే ఆమె ఈఎస్‌ఐ నుంచి బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆమె ప్రసూతి సెలవు పెడితే ఆరు నెలలకు సుమారు 1,32,000 రూపాయలు యజమాని చేతి నుంచే పడాలి. ఆ ఆరు నెలలూ ఆమె స్థానంలో పెట్టుకున్న మనిషి జీతం అదనం. వేలమంది పనిచేసే మాదాపూర్ ఐటీ కంపెనీకి ఇదొక లెక్క కాదు. పదిహేను మందితో, ఒకే ఒక అకౌంట్స్ అమ్మాయితో నడిచే మెషీన్ షాపుకు మాత్రం ఆ ఏడాది లాభమంతా అదే కావచ్చు.

దీని ఫలితం ఎలా ఉంటుందో నేను చూస్తూనే ఉన్నాను. "ఈసారి అబ్బాయినే చూడండి సార్" అని యజమానులు నాతో నిర్మొహమాటంగానే అంటారు. ఇంటర్వ్యూకు వచ్చిన అమ్మాయిని పెళ్లయిందా అని అడిగి, ఈ మధ్యనే అయిందంటే ఆ బయోడేటాను పక్కన పెట్టేస్తారు. నిజానికి వీళ్లలో చాలామంది చెడ్డవాళ్లేమీ కారు. పనివాడి భార్య కాన్పుకు అడక్కుండానే అడ్వాన్సు ఇచ్చిన యజమానీ ఈ మాటే అంటాడు. గర్భిణిని పనిలోంచి తీసేస్తే చట్టం అడ్డుపడుతుంది గానీ, రాని ఫోన్ కాల్ మీద ఎవరు, ఎక్కడ ఫిర్యాదు చేయగలరు? ఇంకో ఉపాయమూ ఉంది. జీతాన్ని పట్టికలో 20,900 దగ్గర ఆపి, మిగతాది పెట్రోలు ఖర్చని ఓచరు మీద ఇస్తారు. యజమాని గట్టెక్కుతాడు, ఆమెకు సెలవులో వచ్చే డబ్బు ఆ మేరకు తగ్గుతుంది. 2017 జనవరి నాటి 21,000 పరిమితిని ఇన్నేళ్లుగా అలాగే వదిలేయడం వల్ల, ఒక మాదిరి నైపుణ్యం ఉన్న ప్రతి ఉద్యోగినీ ఈ గీత దగ్గరికి వచ్చి ఆగుతోంది.

ఇక కుటుంబం సంగతి. కూకట్‌పల్లిలో అద్దె, బండి వాయిదా, బిడ్డ టీకాలు, పాలడబ్బా ఇద్దరి జీతాల మీద నడిచే ఇంట్లో అసలు ఇబ్బంది సెలవు అయిపోయాకే మొదలవుతుంది. 50 మంది, ఆపైన ఉన్న సంస్థలకే క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) తప్పనిసరి కావడంతో మా వాడల్లో చాలా షెడ్లకు ఆ నిబంధనే తగలదు. అమ్మమ్మో నాయనమ్మో ఊరు వదిలి రావాలి, లేదా తల్లి రాజీనామా చేయాలి. ఊళ్లో పెద్దావిడ వదిలేసి వచ్చిన పాడి, కూలి ఏ లెక్కలోకీ రావు. రాజీనామా చేసిన తల్లికి జీతంతో పాటు పీఎఫ్ జమ ఆగిపోతుంది, పర్మినెంట్ ఉద్యోగమైతే గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు నిండవు. బిడ్డ బడికి వెళ్లాక మళ్లీ వస్తే తనకంటే చిన్నవాళ్ల జీతం దగ్గర మొదలుపెట్టాలి. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఉంటే 15 రోజుల సెలవు దొరుకుతుంది. ప్రైవేటు ఉద్యోగి అయితే చట్టంలో ఒక్క రోజు కూడా లేదు కాబట్టి, ఇంట్లో ఖర్చు ఎక్కువగా ఉన్న నెలలోనే అతని జీతానికి కోత పడుతుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితి వేరే ఉత్తరం రాయదగ్గది.

ఈ చిక్కు ప్రభుత్వానికి తెలియనిది కాదు. నెలకు 15,000 రూపాయల వరకు జీతం ఉన్న మహిళల విషయంలో ఏడు వారాల వేతనాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే పథకం తయారు చేస్తున్నామని కేంద్ర కార్మిక శాఖ 2018లో ప్రకటించింది. నేను లెక్కలు చూసే ఏ సంస్థకూ అలాంటి సొమ్ము వచ్చిన దాఖలా లేదు. వచ్చినా ఈఎస్‌ఐ ఉన్న చోట ఆ జీతాల వారి ఖర్చు యజమాని మీద పడనే పడదు; సాయం కావలసింది గీతకు పైన ఉన్నవారికి. ప్రసూతి వేతనాన్ని యజమాని ఒక్కడి మీదే మోపకుండా సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరంలోనే 183వ ఒప్పందంలో చెప్పింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

కాబట్టి ప్రసూతి వరకైనా ఈఎస్‌ఐ జీత పరిమితిని ఎత్తివేసి, ప్రతి సంస్థ నుంచీ ఉద్యోగులందరి పేరున, మగవారితో సహా, చిన్న మొత్తంలో చందా వసూలు చేసి, సెలవు వేతనాన్ని ఆ నిధి నుంచే ఇవ్వాలి. అప్పుడు అమ్మాయిని తీసుకున్నా అబ్బాయిని తీసుకున్నా యజమానికి పడే ఖర్చు ఒక్కటే అవుతుంది. తండ్రికి కనీసం రెండు వారాల సెలవును అదే నిధి నుంచి ఇస్తే, 'సెలవు పెట్టే మనిషి' అన్న అనుమానం ఆడవారి ఒక్కరి మీదే ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం దీనికోసం ఢిల్లీ వైపు చూడనక్కరలేని పని ఒకటుంది: పారిశ్రామిక వాడల్లో మా దగ్గర ఆస్తి పన్ను వసూలు చేసే ఐలాలు (పారిశ్రామిక వాడల స్థానిక పాలన సంస్థలు) ఆ డబ్బులో కొంత తీసి, వాడకొక ఉమ్మడి క్రెష్‌ను షిఫ్టు వేళలకు తగ్గట్టు నడపవచ్చు.

భవదీయుడు,
ఒక అకౌంటెంట్,
బాలానగర్, హైదరాబాద్