వడ్లు అన్నందుకు సున్నా: మీ పఠన యాప్‌పై ఫిర్యాదు

యాప్ సంస్థ కస్టమర్ సర్వీస్ విభాగానికి,

విషయం: చదివింది చక్కగా అర్థమైన పిల్లకు ‘అవగాహన తక్కువ’ అని మార్కు వేయడం గురించి.

అయ్యా,

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. జూన్ నుంచి మా నాలుగో తరగతిలో మీ యాప్ వాడుతున్నాం. పిల్లలు ట్యాబ్ ముందు పేరా చదివి, ప్రశ్నలకు నోటితో జవాబు చెబుతారు. మెషిన్ లెర్నింగ్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్, మార్కు వేస్తుంది.

పోయిన వారం పేరాలో, మబ్బు పట్టగానే ఒక అవ్వ కళ్లంలో ఆరబోసిన ధాన్యాన్ని కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతుంది. ఎందుకు కప్పింది అని ప్రశ్న. మా అమ్మాయి ఒకతె ‘వాన పడితే వడ్లు తడుస్తయని’ అంది. సున్నా పడింది. తెర మీద చూపిన సరైన జవాబు ‘వర్షానికి ధాన్యం తడవకుండా ఉండటానికి’. ఈ రెండింటికీ తేడా ఏమిటో మీరే చెప్పండి. తర్వాత ఆ పిల్ల నాతో, ‘తడిస్తే మొలకలొస్తయి టీచర్, ఎవ్వరు కొనరు’ అంది. పేరాలో ఆ మాటే లేదు. చదివినదాన్ని తన ఇంటి సంగతితో కలుపుకుంది. అవగాహన అంటే ఇది కాదా?

అదే పేరాను ఇంకో అబ్బాయి గడగడా చదివి, అందులోని వాక్యాన్నే అప్పజెప్పాడు. పూర్తి మార్కులు. అవ్వ అంత తొందరపడింది ఎందుకురా అని నేనడిగితే దిక్కులు చూశాడు.

వేగం లెక్క కూడా తప్పే. ఆ అమ్మాయి తెలుగులో నిమిషానికి 48 పదాలు, ఇంగ్లిషులో 61 చదివిందని ఒకే గ్రాఫు మీద గీసి, తెలుగులో వెనకబడిందని తేల్చారు. ‘వెళ్లిపోతుందేమోననుకుంది’ మనకు ఒక్క పదం, ఇంగ్లిషులో ఐదారవుతాయి. పైగా ‘కళ్లం’ దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివినందుకు తప్పులు లెక్కేశారు. అర్థం కోసం ఆగిన పిల్ల అది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అన్నప్పుడు, అర్థం చేసుకుంటూ చదవాలనే షరతు కూడా పెట్టింది. మీరు ఆ షరతును పక్కనబెట్టి, జవాబులో మాటలు కలిశాయా లేదా అనే చూస్తున్నట్టుంది.

నా బాధంతా తర్వాత జరిగినదాని గురించి. ‘మీ పాప తెలుగులో వెనకబడింది’ అని వాళ్లమ్మ ఫోన్‌కు మీ మెసేజ్ వెళ్లింది. ఆమె బీడీలు చుడుతుంది. ఆ పూట పని మానుకుని బడికొచ్చి, ‘మా బిడ్డకు చదువు ఒస్తలేదా మేడమ్?’ అని అడిగింది. ఆ పిల్ల పక్కనే తల దించుకుని నిలబడింది.

ఆ మెసేజ్ తప్పని ఆ తల్లికి మీరే చెప్పాలి. యాప్ వేసిన మార్కును టీచర్ సరిదిద్దే వీలు కల్పించాలి. జవాబును దేనితో పోలుస్తున్నారో, తెలంగాణ పిల్లల మాటతో దాన్ని ఎప్పుడైనా పరీక్షించారో లేదో రాతపూర్వకంగా తెలపాలి. పిల్లల గొంతులు ఎక్కడ, ఎంతకాలం దాస్తున్నారో కూడా కావాలి. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. మా తరగతిలో ఏ తల్లినీ ఎవరూ అడగలేదు.

మీ జవాబు వచ్చేదాకా మీ మార్కులు ఇళ్లకు పంపను. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, నా నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

ఇట్లు,
నాలుగో తరగతి టీచర్,
నిజామాబాద్ జిల్లా