మౌస్ పెడితేనే తెరుచుకునే మెనూలు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మా నాన్న ఒక సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టబోయారు. ఆ సైట్‌లో మెనూ మీద మౌస్ బాణం ఉన్నంతసేపే లోపలి లింకులు కనిపిస్తాయి, కాస్త పక్కకి జరిగితే చాలు మాయమైపోతాయి. నాన్నకి చేయి వణుకుతుంది. నాలుగైదుసార్లు చూసి వదిలేశారు. ఫోన్‌లో అయితే మౌసే ఉండదు కదా, ఆ మెనూ అసలు తెరుచుకోలేదు.

నేనూ వెబ్‌సైట్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఇంకా బాధేసింది. ఇదేమీ పెద్ద పని కాదండీ. హోవర్‌ని, అంటే మౌస్ బాణం పెడితే తెరుచుకోవడాన్ని, మొత్తం సీఎస్‌ఎస్‌కి (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) వదిలేయకుండా జావాస్క్రిప్ట్‌తో (పేజీ చేత పనులు చేయించే కోడ్) మెనూకి ఒక క్లాస్, అంటే రూపం మార్చే ఒక గుర్తు, చేర్చి, తీసేసేలా రాసుకుంటే మెనూ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో మన చేతిలో ఉంటుంది. బాణం బయటికి వెళ్లగానే మూసేయకుండా ఒక 300 మిల్లీసెకన్లు ఆగాలి, ఈలోపు వెనక్కి వస్తే ఆ టైమర్‌ని రద్దు చేయాలి, అంతే. వేలితో తాకినా, కీబోర్డులో ఎంటర్ నొక్కినా అదే మెనూ తెరుచుకోవాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి. హోవర్‌తో వచ్చిన సమాచారం మీదికి బాణం జరిపినా అది పోకూడదని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్‌సైట్లని వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా చేయడానికి పెట్టిన) ప్రమాణాల్లోనే ఉంది.

సైట్ చేయించుకునేవాళ్లకి నా మనవి ఒక్కటే. తీసుకునే ముందు ఒకసారి ఫోన్‌లో, ఇంకోసారి మౌస్ తీసేసి కీబోర్డుతో మాత్రమే వాడి చూడండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా వాడించండి.

— ఒక వెబ్ డెవలపర్, వరంగల్