తీగ కింద గుంత తీసే ముందు: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

వానాకాలం మొక్కల కోసం గుంతలు తీయించే సమయం దగ్గరపడింది. రోడ్డు పక్కన గుంత తీసేది ఉపాధి హామీ కూలీలో, మున్సిపాలిటీ వాళ్లో. మొక్క వచ్చేది నర్సరీ నుంచి. ఐదారేళ్లకు దాని తల నరికేది కరెంటు వాళ్లు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టే అధికారం మీకుంది కాబట్టి మీకే రాస్తున్నాం. పైన ఏ కరెంటు లైను ఉందో చూడకుండా ఒక్క గుంత కూడా తీయించకండి.

ఎనిమిది మీటర్ల ఎల్‌టీ (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజి లైను) స్తంభంలో ఆరో వంతు భూమిలోకి పోతుంది. పైన మిగిలేది ఆరున్నర మీటర్లకు కాస్త ఎక్కువ. వేప 15 మీటర్లు అవలీలగా పెరుగుతుంది, నిద్రగన్నేరు అంతకు మించి పెరిగి గొడుగులా పరుచుకుంటుంది. కానుగ, రావి, ఏడాకుల పాల, గుల్‌మొహర్, నీలగిరి కూడా లైన్ల కింద పనికిరావు. మన ఎండలకు అల్యూమినియం తీగ సాగి కిందికి దిగుతుంది, గాలికి రెండు స్తంభాల నడిమధ్య ఎక్కువగా ఊగుతుంది. జనవరిలో కొలిచిన ఎడం మే నెలలో ఉండదు. అటవీ భూముల్లో లైన్లకు కేంద్రం పెట్టిన కొలతల ప్రకారం చెట్టుకూ తీగకూ మధ్య 11 కేవీ (11 వేల వోల్టులు) లైనుకు 2.6 మీటర్లు, 33 కేవీకి 2.8, 132 కేవీకి 4 మీటర్లు ఉండాలి. ఊళ్లో రోడ్లకూ ఇదే లెక్క పాటిస్తే మంచిది.

లైను కింద తప్పనిసరిగా నాటాల్సి వస్తే నందివర్ధనం, పారిజాతం, సీతాఫలం, దానిమ్మ, కరివేపాకు వంటివి చాలు. గన్నేరును పశువులు ముట్టవు కాబట్టి కంచె లేకున్నా బతుకుతుంది. అది విషం, బడి ఆవరణలో మాత్రం వద్దు. పొలాల్లో 11 కేవీ లైను కింద చీనీ (బత్తాయి), నిమ్మ వేసుకోవచ్చు, మామిడి, టేకు, కొబ్బరి వద్దు. స్తంభానికీ, దాన్ని ఒరగకుండా లాగి పట్టే స్టే వైరుకూ, ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకూ చుట్టూ మూడు మీటర్లు ఖాళీగా వదలాలి. స్టే వైరు మీదికి పాకిన తీగమొక్కను వెంటనే తీసేయాలి.

కొమ్మ తగిలితే ఫ్యూజు పోతుందిలే అనుకుంటారు చాలామంది. పచ్చి కొమ్మ గుండా పారే కరెంటు తక్కువ. ఫ్యూజు పోదు, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడదు. కొమ్మ తీగకు ఒరుసుకున్న ప్రతిసారీ అక్కడ చిన్న మెరుపు లేస్తుంది, తీగలోని పోగులు ఒక్కొక్కటే కరుగుతాయి. ఈలోగా కింద వేరుశనగ కట్టె వామి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. చివరికి ఏప్రిల్, మే నెలల గాలివానకు తీగ తెగి నేల మీద పడుతుంది.

తెగింది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అయితే ఇంకో ప్రమాదం. 230 వోల్టులు రావలసిన ఇళ్లలో కొన్నింటికి 400కు దగ్గరగా వస్తుంది. ఆ వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

కొమ్మలు కొట్టే పద్ధతి కూడా మారాలి. చెట్టు తలను అడ్డంగా నరికితే కోసినచోట గుత్తులుగా చివుళ్లు లేచి ఏడాది తిరక్కముందే తీగను అందుకుంటాయి. ఆ కొత్త కొమ్మలకు లోపలి పట్టు ఉండదు, గాలికి ఇట్టే విరుగుతాయి. తీగ వైపు వెళ్లే కొమ్మను మాత్రమే, అది పుట్టిన మొదలు దాకా తీయాలి. ముందు మానుకు ఒక అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కోత. దానికి రెండు మూడు అంగుళాలు బయటికి పై నుంచి రెండో కోత, దాంతో కొమ్మ బరువు పడిపోతుంది. మిగిలిన మొద్దును మొదలు దగ్గర ఉబ్బుగా ఉన్న మెడను వదిలి కోయాలి. కింది కోత లేకుండా కొడితే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో ఈ పని ముగిస్తే గాలుల కాలానికి లైను సిద్ధంగా ఉంటుంది.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) లేకుండా ఎవరినీ చెట్టెక్కించవద్దు. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ దించినంత మాత్రాన లైను చచ్చినట్టు కాదు. మూడు బ్లేడ్లలో ఒకటి తెరుచుకోకుండా ఉండిపోవడం తెలిసిన లోపమే, కాబట్టి కింద నిలబడి మూడింటినీ కంటితో చూడాలి. తాళం వేసి, తీగలో కరెంటు లేదని పరీక్షించి, పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు (కరెంటును భూమిలోకి పంపేవి) తగిలించాలి. ఇళ్ల జనరేటర్ల నుంచి కరెంటు వెనక్కి రావచ్చు, అందుకే రెండు వైపులా. కాంట్రాక్టు కూలీలకు కూడా ఈ క్రమం తప్పకూడదు.

మేకల కాపరుల సంగతి ఎవరూ పట్టించుకోరు. పొడవాటి దోటికి కొడవలి కట్టి వేపకొమ్మలు కోస్తారు. ఇనుప గొట్టమైనా, తడిసిన వెదురైనా 11 కేవీ ముందు ఒకటే. గ్రామసభల్లో వాళ్లకు ప్రత్యేకంగా చెప్పించండి. తెగిన తీగ కనబడితే పది మీటర్ల దూరంలో ఆగి కరెంటు వాళ్ల ఫిర్యాదు నంబరు 1912కు ఫోన్ చేయాలని కూడా.

ఇప్పటికే పెరిగిన పెద్ద చెట్లను నరకమని మేము అడగడం లేదు. నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, లైను కన్నా ముందున్న చెట్టు తీస్తే యజమానికి పరిహారం ఇప్పించవచ్చని 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. అలాంటి చెట్లున్న వీధుల్లో ఎల్‌టీ తీగలు తీసి ఏరియల్ బంచ్డ్ కేబుల్ (పైపూత ఉన్న తీగలను కలిపి పేనిన కేబుల్) వేయించండి.

ఈసారి గుంతల రిజిస్టరులో రెండు గడులు చేర్పించండి: పైన ఏ లైను ఉంది, మొక్క ఎంత ఎత్తు పెరుగుతుంది. రెండూ నింపి, ఆ ప్రాంతపు లైన్‌మన్ సంతకం చేశాకే నర్సరీ మొక్క ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వగలరు.

ఇట్లు,
విద్యుత్ లైన్ల పని, చెట్ల పెంపకం తెలిసిన అనంతపురం పౌరులు