జాతరకు పోయిన మా బస్సు ఇంకా రాలేదు సార్

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మీకు రోజూ బోలెడన్ని అర్జీలు వస్తాయని తెలుసు. అందులో నావి ఇప్పటికి నాలుగు ఉండాలి. రెండు పోస్టులో పంపాను. ఒకటి మా ఎమ్మెల్యే గారి పీఏకి ఇచ్చాను. ఇంకొకటి మీరు మా వైపు మీటింగుకు వచ్చినప్పుడు, జనంలో తోసుకుంటూ వచ్చి మీ వెంట ఉన్నవాళ్ళ చేతిలో పెట్టాను. అది మీ దాకా వచ్చిందో, ఆ రోజు దండలతో పాటు కారు డిక్కీలోకి పోయిందో నాకు తెలియదు.

అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా. మా ఊరి పేరు, డిపో పేరు మాత్రం ఇందులో పెట్టడం లేదు. కిందటేడు మా ఊరి పిల్లగాడొకడు పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాడు. బస్సు రాలేదు గానీ, ఆ రోజు డ్యూటీలో ఉన్న కండక్టర్‌కు మెమో వచ్చింది. ఎంత రద్దీలో ఉన్నా "అమ్మా, కొంచెం ముందుకు జరుగుండ్రి" అనడం తప్ప ఒక్క మాట తూలని మనిషి. ఆ ఉసురు మాకు తగులుతుందని మా అత్త ఇప్పటికీ అంటుంది. మీ ఆఫీసుకు పంపిన కాపీలో ఊరు, సర్వీసు టైము, అర్జీల నంబర్లు అన్నీ ఉన్నాయి.

సంగతి అదే సార్, మా నైట్ హాల్ట్ బస్సు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకని తీసుకుపోయారు. వారం రోజులే అన్నారు. మేం ఒక్క మాట అనలేదు. తల్లుల దగ్గరికి పోయే బస్సును కాదని ఎవరంటారు? మేమూ అలాంటి బస్సులోనే పోయి బంగారం, అదే బెల్లం, ఇచ్చి వచ్చాం. జాతర ముగిసింది. వారం పోయింది, నెల పోయింది, రెండేళ్ళు పోయాయి. మొన్న జనవరిలో మళ్ళీ జాతర వచ్చింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చింది, చిలుకలగుట్ట దిగి సమ్మక్క గద్దెకెక్కింది, నాలుగో రోజు తల్లులిద్దరూ వనానికి మళ్ళారు. మా బస్సు ఒక్కటే ఇంకా జాతరలో తిరుగుతోంది.

ఆ బస్సు రాత్రి ఎనిమిది దాటాక హన్మకొండలో బయల్దేరి తొమ్మిదిన్నరకు ఊరు చేరేది. డ్రైవరన్న, కండక్టరన్న బడి వరండాలో పడుకునేవాళ్ళు. ఎండాకాలం మా అత్త వాళ్ళకు సల్ల పంపేది. పొద్దున ఐదుంబావుకు బస్సు స్టార్ట్ చేసి రెండుసార్లు హారన్ కొడితే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. ఐదున్నరకు కదిలేది. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, ఎంజీఎం ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం పోయే ముసలివాళ్ళు, అడ్డా కూలీలు, కాలేజీ పిల్లలు అందరూ దాంట్లోనే. ఇప్పుడు మాకు మిగిలింది రోజుకు రెండు ట్రిప్పులు. పొద్దున తొమ్మిదింబావుకు ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి. తొమ్మిదింబావుకు ఎక్కి ఏ కాలేజీకి టైముకు పోతాం? నాలుగున్నరకు ఏ కొట్టువాడు ఇంటికి పంపుతాడు?

నేను హన్మకొండలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. ఎనిమిదింటికి షట్టర్ దించుతారు. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద పోయే పల్లెవెలుగు పట్టుకుని మా క్రాస్ రోడ్డు దగ్గర దిగుతాను. ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆపరు. అక్కడి నుంచి ఊరికి ఆరు కిలోమీటర్లు. రెండు పక్కలా పత్తి చేన్లు, మధ్యలో వాగు మీద కాజ్‌వే. దాని అంచు మొంథా తుఫానప్పుడు కోసుకుపోయింది, ఇంకా అట్లనే ఉంది. వీధి లైటు అనేది లేదు. ఉన్న ఒక్క వెలుగూ బెల్టు షాపుది, దాని ముందు నుంచే నడవాలి. మా ఆయన బండి మీద వస్తే సరే. ఆయనకు రాత్రి డ్యూటీ పడిందంటే నేను, పక్క ఊరి ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఫోన్ లైట్లు వేసుకుని నడుస్తాం. కుక్కలకు బిస్కెట్లు కొనిపెట్టుకుంటాం. నవ్వొస్తుంది గానీ నిజం, నెలకు నూటయాభై రూపాయలు కుక్కల బిస్కెట్లకే పోతున్నాయి. టికెట్ జీరో, బిస్కెట్లు నూటయాభై.

ఆడవాళ్ళకు మీరు పెట్టిన ఫ్రీ బస్సును నేను తప్పుపట్టడం లేదు సార్, అది ముందే చెప్తున్నా. 2023 డిసెంబర్ 9న మొదలైన రోజు మొదటిసారి జీరో టికెట్ తీసుకుని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసుకున్నా. నెలకు పదిహేను వందలు మిగిలాయి. ఆ డబ్బుతోనే మా పాపను ఇంటర్‌లో చేర్పించా. 2025 జులైలో 200 కోట్ల జీరో టికెట్లు దాటాయని పండుగ చేశారు. ఆ 200 కోట్లలో నావీ కొన్ని వందలు ఉంటాయి. కానీ అసలు బస్సే రాకపోతే జీరో టికెట్ దేనికి కొట్టాలి? ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని స్టేజీ దగ్గర నిలబడితే ఎవరికి చూపించాలి, చింతచెట్టుకా?

డిపోలో అడిగితే పోయిన ప్రతిసారీ ఒక కొత్త కారణం చెప్తారు. మొదట బస్సులు తక్కువ అన్నారు. తర్వాత డ్రైవర్లు లేరన్నారు. ఆ తర్వాత కాజ్‌వే బాగాలేదు, రాత్రిపూట రిస్క్ అన్నారు. నాలుగున్నర బస్సు అదే కాజ్‌వే మీద వంద మందిని ఎక్కించుకుని పోతుంది, దానికి రిస్క్ లేదట. చివరికి ఒకాయన నవ్వుతూ, "మీ ఊరి ట్రిప్పులో అన్నీ జీరో టికెట్లేనమ్మా, కలెక్షన్ రాదు" అన్నాడు. జీరో టికెట్ డబ్బులు ప్రభుత్వం కడుతోందని మీరే కదా సార్ చెప్తారు. మరి మేం డబ్బులు రాని ప్యాసింజర్లం ఎట్లా అయ్యాం?

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి మూడు సోమవారాలు పోయాను. అక్కడికి పదింటికల్లా చేరాలంటే కూడా ఆ ఐదున్నర బస్సే కావాలి, అది వేరే ముచ్చట. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మూడోసారికి ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ చూసి సంతోషంతో రాత్రి ఎనిమిదింటికి బస్టాండ్‌కు ఉరికాను సార్. తొమ్మిదింటి దాకా నిలబడ్డా. ఆ రోజు ఇంటికి చేరేసరికి పదకొండు.

మీరు అసెంబ్లీలో ప్రశ్నలకు ఇచ్చే రాతపూర్వక జవాబుల్లో ఒక మాట ఉంటుంది కదా, 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు' అని. మా పాప పేపర్లో చదివి, ఉత్పన్నం అంటే ఏంటమ్మా అని అడిగింది. పుట్టడం అని చెప్పా. "అంటే మనం అడిగినా మన ప్రశ్న పుట్టనట్టేనా?" అంది. నాకు జవాబు దొరకలేదు. మీకు దొరికితే రాయండి.

ఆ పాప గురించి చెప్పాలి. కాలేజీలో సాయంత్రం ఆరు దాకా స్పెషల్ క్లాసులు. నాలుగున్నర బస్సు కోసం రోజూ మూడుంపావుకే లేచి వచ్చేస్తుంది. లెక్చరర్ మొదట్లో తిట్టాడు, ఇప్పుడు తిట్టడం కూడా మానేశాడు. ఆ బస్సులో ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, బ్యాగు ఇంకొకరి ఒళ్ళో. పిల్లలు వేలాడుతుంటే డ్రైవర్ అద్దంలో చూసి చూసి మెల్లగా తోలుతాడు, ఆయనదేం తప్పులేదు. కొండగట్టు ఘాట్‌లో 2018 సెప్టెంబర్ 11న ఏం జరిగిందో ఉత్తర తెలంగాణలో ఏ తల్లీ మరిచిపోదు. పట్టాల్సినవాళ్ళకంటే ఎంతోమంది ఎక్కువ ఎక్కిన ఆ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. మొన్న నవంబర్‌లో చేవెళ్ళ దగ్గర కంకర టిప్పర్ బస్సు మీదికి వచ్చి 19 మంది పోయారు. ఆ 163 నంబరు హైవేనే వరంగల్ మీదుగా ములుగు వైపు పోతుంది. మా వైపూ టిప్పర్లు అట్లనే పోతాయి. నాలుగున్నర నుంచి ఆరింటి దాకా నాకు షాపులో చీర మడత కుదరదు, టెన్షన్. పాప ఇంటికి చేరి మిస్డ్ కాల్ ఇచ్చాకే కస్టమర్ మొహం చూస్తాను.

మా వెనకింటి పిల్లకు ఆ మిస్డ్ కాల్ కూడా లేదు. సంక్రాంతి సెలవులకు వచ్చింది, మళ్ళీ కాలేజీకి పోలేదు. వాళ్ళ నాయన పంపలేదు. "ఆ బస్సులో వేలాడుకుంట ఎందుకు, ఇంటికాడ ఉండనీ" అన్నాడు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆ పిల్లకు పదో తరగతిలో మా పాప కంటే మార్కులు ఎక్కువ సార్.

పొద్దున పోయేవాళ్ళ గోస ఇంకొకటి. ఈ మిర్చి సీజనంతా కూలీలు ట్రాలీ ఆటోల్లోనే పోయారు. సామాను కోసం చేసిన బండిలో ఇరవై మంది ఆడవాళ్ళు నిలబడి, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని. పోలీసులు ఆపి ఆటో అతనికి ఫైన్ వేస్తారు, ఆ ఫైన్ అతను మర్నాడు కూలీల దగ్గర తలా పది రూపాయలు ఎక్కువ తీసుకుని రాబట్టుకుంటాడు. అతన్నీ ఏమనలేం. ఆటోవాళ్ళకు ఏడాదికి 12,000 ఇస్తామన్న మాట గురించి వాళ్ళే మీకు వేరే లేఖ రాసుకుంటారు.

షీ టీమ్ మేడం వాళ్ళు కాలేజీకి వచ్చి పిల్లలకు మంచిగానే చెప్పారు. ప్రయాణంలో ఆడవాళ్ళను పోలీసులు కనిపెట్టుకుని ఉండే టీ-సేఫ్ గురించి చెప్పారు, భయమైతే 112కి ఫోన్ చేయమన్నారు. చేస్తారు. కానీ కాజ్‌వే దగ్గర సిగ్నల్ ఉండదు. ఉన్నా, పోలీసులు వచ్చేదాకా చీకట్లో నిలబడాల్సింది మేమే. రాత్రి ఎనిమిదింటి బస్సు ఉంటే ఆ ఫోన్ చేయాల్సిన ప్రశ్న ఉత్పన్నమే కాదు. మీ మాటే మీకు అప్పజెప్తున్నా, ఏమనుకోకండి.

మహిళా సంఘాలతో బస్సులు కొనిపించి అద్దెకు నడిపిస్తున్నారు, మమ్మల్ని ఓనర్లను చేస్తున్నారు, సంతోషం. మా సంఘం మీటింగులో కూడా చదివి వినిపించారు. అందరం చప్పట్లు కొట్టాం. మీటింగు అయ్యాక ఒక పెద్దమ్మ లేచి, "ఓనర్లం తర్వాత అయితం బిడ్డా, ముందు ఎక్కనియ్యమను" అంది. అదీ రాయమంది, రాశా.

మేమేం కొత్త బస్సు అడగడం లేదు. ఏసీ వద్దు, ఎలక్ట్రిక్ వద్దు. ఉన్నదే, మా నుంచి తీసుకుపోయిందే తిరిగివ్వండి. రాత్రికి ఊళ్ళో ఆపడం కుదరదంటే పోనీ, ఎనిమిది దాటాక హన్మకొండలో బయల్దేరి, ఊరికి వచ్చి వెనక్కి పోయే ట్రిప్పయినా వేయండి. అదీ కాదంటే పొద్దున ఆరింటికి ఒకటి. అదీ కాదంటే కనీసం నాలుగున్నర బస్సును ఆరింటికి మార్చండి. చూశారా, అర్జీ రాస్తూ రాస్తూ నేనే తగ్గించుకుంటూ వస్తున్నా. రెండేళ్ళలో అలవాటైపోయింది. ఇంతకుముందు రాసిన నాలుగు లేఖల్లోనూ ఇట్లనే తగ్గించుకున్నా. కాబట్టి పై మూడు మాటలు కొట్టేయండి. నైట్ హాల్టే కావాలి.

ఏదీ వీలుకాదంటే, వీలుకాదని సంతకం పెట్టి కాగితం మీద రాసివ్వండి. 'పరిశీలిస్తున్నాం' అని మాత్రం రాయకండి సార్. ఆ మాట చదివితే మా పాప మళ్ళీ ఆశపడుతుంది.

జూన్‌లో కాలేజీ తెరుస్తారు. పాపకు సెకండియర్. వెనకింటి పిల్ల పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి, వాళ్ళ అమ్మ అమ్మనివ్వలేదు. బస్సు వస్తే నేనే వాళ్ళ నాయనతో మాట్లాడతానని చెప్పి ఉంచాను. జూన్ లోపల అయితే మాట్లాడగలను.

డ్రైవరన్న, కండక్టరన్న పడుకోవడానికి ఇప్పుడు బడి వరండా బదులు మహిళా సంఘం గది ఇస్తాం. ఫ్యాన్ ఉంది, బాత్రూమ్ ఉంది. ఇది కూడా అర్జీలో రాయమని మా అత్త చెప్పింది. సల్ల సంగతి ఆమె చూసుకుంటుందట.

ఇట్లు,
ఒక జీరో టికెట్ ప్రయాణికురాలు