2024–25 వార్షిక నివేదిక: తొంభైల నాటి ప్రముఖులు, మన ఇళ్లలోని పాత పత్రికలు

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు ఈ ఏడాది మన కాలనీ సంఘం సాంస్కృతిక కార్యక్రమాలను ఒకే అంశం చుట్టూ నడిపాము. 1991 నుంచి 2000 వరకు వార్తల్లో, సినిమాల్లో, ఆటల్లో జనం నోళ్లలో నానిన వ్యక్తులను ఎంచుకొని, వారి గురించి పెద్దలు చెప్పే జ్ఞాపకాలను ఆనాటి పత్రికలతో సరిచూడటమే ఆ అంశం. 1904 నాటి శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉన్న హనుమకొండలో ఇలాంటి పనికి పత్రికల కొరత ఉండదనుకున్నాము. తీరా చూస్తే చాలా ఇళ్లలో పాత పేపర్లు ఏనాడో తూకానికి పోయాయి, మిగిలిన వాటిలో కొన్నింటిని చెదలు తిన్నాయి. బతుకమ్మ, వినాయక చవితి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

తొలి సమావేశం జూన్ 28న, పి.వి. నరసింహారావు గారి జయంతి నాడు జరిగింది. 1991 జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయన లోక్‌సభ సభ్యుడు కారనీ, నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేలకు పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది ఆ తర్వాతేననీ చెప్పినప్పుడు మన పిల్లలు ఆశ్చర్యపోయారు. విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో, అదే ఏడాది జూలై 24న కొత్త పారిశ్రామిక విధానమూ, మన్మోహన్ సింగ్ గారి బడ్జెట్టూ ఒకే రోజున వెలువడ్డాయి. నర్సంపేట వైపు సభ్యులు ఆయనను లక్నేపల్లి బిడ్డ అన్నారు, భీమదేవరపల్లి వైపు వారు వంగర మనిషి అన్నారు. పుట్టింది లక్నేపల్లిలో, దత్తత వెళ్లింది వంగరకు గనుక ఆ వాదనలో ఓడినవారు లేరు.

దూబగుంట రోశమ్మ గారిని ఎంచుకోవాలని పట్టుబట్టింది మహిళా సభ్యులే, ఆ పట్టుదలకు కార్యవర్గం కృతజ్ఞతతో ఉంది. నెల్లూరు జిల్లాలోని ఆమె పల్లె దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు గారి సంపూర్ణ మద్యనిషేధానికీ దారి తీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయిన తర్వాత తమ ఇళ్లలో ఏం జరిగిందో ఇద్దరు అమ్మలు చెప్పుకున్నారు. ఆ మాటలను వారి కోరిక మేరకు నమోదు చేయలేదు.

సచిన్ టెండూల్కర్ సమావేశం గురించి కొంత వివరంగా రాయవలసి ఉంది. షార్జాలో ఇసుక తుపాను మధ్య ఆడి ఫైనల్ గెలిపించాడని నాతో సహా చాలామందిమి గట్టిగా నమ్ముతూ వచ్చాము. విశ్రాంత ఉపాధ్యాయురాలైన మన సభ్యురాలు ఒకరు అట్ట చిరిగిన పొడవాటి నోటుబుక్కు తెచ్చారు. మైదా ఉడికించిన జిగురుతో కటింగులను పై అంచు వరకే అంటించి, ఒక్కో దాని కింద ఎర్ర సిరాతో తేదీ వేశారు. ఆ తేదీలను బట్టి చూస్తే తుపాను వచ్చింది 1998 ఏప్రిల్ 22న. ఆ రోజు సచిన్ 143 పరుగులు చేసినా ఆస్ట్రేలియా చేతిలో మ్యాచ్ ఓడిపోయి, రన్‌రేట్ ఆధారంగా మాత్రమే మన జట్టు ఫైనల్‌కు చేరింది. గెలిచిన ఫైనల్ ఏప్రిల్ 24న, ఆయన పుట్టినరోజున జరిగింది, అందులో 134 చేశాడు. ఇరవై ఏడేళ్లుగా రెండు రోజులను ఒకటిగా కలిపి చెప్పుకుంటున్నామన్నమాట.

ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఆ కటింగును పైకెత్తి వెనుక వైపు చదివింది. అక్కడ పత్తి రైతుల కుటుంబాల వార్త సగం తెగి ఉంది. 1997–98 పంటకాలంలో పురుగు ఉధృతికి పత్తి పోయి, మందుల షాపుల అప్పులు తీర్చలేక వరంగల్ జిల్లాలో రైతులు ఒకరి వెంట ఒకరు ప్రాణాలు తీసుకున్న ఏడాది అది. ఆ రోజుల్లో క్రికెట్ చూస్తూ ఎనుమాముల మార్కెట్‌లో పని చేసిన సభ్యుడొకరు లేచి, మాట్లాడలేక కూర్చున్నారు. ఆ రోజు కార్యక్రమం అంతటితో ముగిసింది.

సెప్టెంబర్ 9న, హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం నవంబర్ 19న ప్రారంభం కావడానికి ముందే, కాళోజీ నారాయణరావు గారి గురించి మాట్లాడుకున్నాము. 1992లో పద్మవిభూషణ్ పొంది, 2002లో కన్నుమూసిన తర్వాత తన దేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు చేర్చమన్న మనిషి ఆయన. అంతటి నోటుబుక్కులో ఆయన కటింగు ఒక్కటీ లేదు. రోజూ వీధిలో కనిపించే మనిషిని ఎందుకు దాచుకోవాలనుకుంటామని ఆ టీచరమ్మ చెప్పారు. పబ్లిక్ గార్డెన్‌లోని కళాప్రాంగణానికి ఎవరి పేరు పెట్టారో ఆ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారి విషయంలోనూ ఇదే అనుభవం ఎదురైంది. ఇది మనందరి లోపమని కార్యవర్గం భావిస్తోంది.

తొలి తెలుగు టీవీ వార్తల చదువరి శాంతిస్వరూప్ గారికి నివాళిగా ఒక సాయంత్రం జరిపాము. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి గారితో దశకాన్ని ముగించాము.

వచ్చే ఏడాదికి 1981–90 దశకాన్ని తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాము. సభ్యులు తమ దగ్గరున్న పేపర్లను, వారపత్రికలను దసరా లోపు కార్యాలయానికి చేర్చాలని మనవి. కటింగులను రెండు వైపులా ఫోటో తీసి, అసలు ప్రతిని ఎవరిది వారికి తిరిగి అప్పగిస్తాము.

ఇట్లు,
కార్యదర్శి